ఆరు గొంతుల జూనో

రకరకాల బాణీలకు ఒకే సింథసైజర్ ఎంచుకోమంటే నా చేయి రోలాండ్ జూనో-106 వైపే పోతుంది. 1984లో వచ్చిన ఈ వాద్యం ఒకేసారి ఆరు స్వరాలే పలుకుతుంది. అంతకు ముందేడు వచ్చిన యమహా డీఎక్స్7 పదహారు పలికేది. గంటలకూ ఎలక్ట్రిక్ పియానోకూ దానికే నా ఓటు. కానీ అందులో కొత్త నాదం కట్టాలంటే చిన్న తెరలో అంకెలు మార్చుకుంటూ కూర్చోవాలి.

జూనోలో అంతా కళ్లెదుటే. ఫిల్టర్ స్లైడర్ దించితే నాదం మసకబారుతుంది. ఎన్వలప్ సాగదీస్తే వయొలిన్ల బృందంలా మెల్లగా లేస్తుంది, కుదిస్తే డిస్కో బేస్ అవుతుంది. ఇక కోరస్ బటన్ నొక్కితే, ఆహా, గదంతా నిండిపోతుంది! స్వరానికి ఒక్క ఆసిలేటర్, మంద్రంలో దానికో తోడు: అంతటితోనే ఇంత నిండుదనం.

మీటను గట్టిగా కొట్టినా మెల్లగా తాకినా ఒకటే ధ్వని. పియానో నేర్చినవారికి అది లోటే. పాతది కొనేవారు మీటలు వరసగా నొక్కి ఆరు గొంతులూ వినాలి. వాయిస్ చిప్‌లు మూగబోవడం దీనికి మామూలే.