పిల్లలు ఇంటికొచ్చాక యుద్ధం ఏమైంది?

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తగానే మన తెలుగు చానళ్లూ యుద్ధంలోకి దూకేశాయి. స్టూడియోలో యాంకర్ పక్కనే గ్రాఫిక్స్ ట్యాంకు కదిలింది, నెత్తిమీంచి ఫైటర్ జెట్ దూసుకుపోయింది, వెనకాల సైరన్ ఆగితే ఒట్టు. ఈ హోరులోనే ఉక్రెయిన్ నగరం ఖార్కివ్ బంకర్ల నుంచి అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలు ఫోన్లో మాట్లాడేవారు. వార్త అంటే అదీ. మన ప్రభుత్వం వాళ్లని వెనక్కి తెచ్చేందుకు నడిపిన ఆపరేషన్ గంగలో వాళ్లు ఇల్లు చేరారు. మార్చి సగానికొచ్చేసరికి తెరమీద యుద్ధం పలచబడింది. ఏప్రిల్లో సమాచార, ప్రసార శాఖ ఉక్రెయిన్ కవరేజీలో అతి తగ్గించుకోమని చానళ్లకు చెప్పింది గానీ, తగ్గించడానికి అప్పటికే పెద్దగా మిగల్లేదు.

డెస్క్‌లో పనిచేసినవాళ్లకి ఇది వింతేం కాదు. బులెటిన్ మీటింగ్‌లో అడిగేది ఒకటే: "ఇవాళ కొత్తగా ఏముంది?" ఏళ్ల తరబడి సాగే యుద్ధం దీనికి రోజూ ఏం జవాబిస్తుంది? ఉక్రెయిన్‌లో బఖ్‌ముత్ అనే ఒక్క పట్టణం కోసం దాదాపు పది నెలలు కొట్టుకున్నారు. మ్యాప్‌లో రష్యా పట్టుకున్న చోటిని చూపే ఎర్ర రంగు చాలా రోజులు వెంట్రుకవాసి కూడా జరగలేదు. అందుకని ఏజెన్సీ ఫీడ్‌లో దొరికిన పేలుడు క్లిప్పుకి ఎర్ర సున్నా చుట్టి, అరగంట తిప్పుతాం. కరెంటు పోయి లిఫ్టు ఆగిన మేడలో ఓ ముసలావిడ నీళ్ల డబ్బాతో మెట్టుకో నిమిషం ఆగుతూ ఎక్కే షాట్ ఫీడ్ చివర్లో ఉంటుంది. ఎడిటింగ్‌లో ముందు ఎగిరేది అదే.

టీవీ యుద్ధాన్ని ఎప్పుడూ ఇలాగే చూపించలేదు. వియత్నాం యుద్ధం రోజుల్లో సైగాన్ నుంచి ఫిల్ము విమానమెక్కి న్యూయార్క్ చేరడానికే ఒకటి రెండు రోజులు పట్టేది. కాబట్టి రిపోర్టర్లు పాచిపోని కథలు వెతుక్కునేవారు. 1965 ఆగస్టులో అమెరికన్ టీవీ సంస్థ సీబీఎస్ విలేకరి మోర్లీ సేఫర్ కామ్ నే అనే పల్లెకి వెళ్లాడు. ఓ అమెరికన్ మెరైన్ సిగరెట్ లైటర్‌తో గుడిసె కప్పు అంటిస్తుంటే కెమెరా అక్కడే నిలబడింది. చూడ్డానికి ట్యాంకు గ్రాఫిక్కు అక్కర్లేకపోయింది. అలాగని ఆ కవరేజీ అంతా మేలిమి బంగారం కాదులెండి. సైన్యం పెట్టే సాయంత్రం ఐదింటి బ్రీఫింగును అక్కడి విలేకర్లే ప్రహసనమని వెక్కిరించేవారు, అయినా ఆ లెక్కలే బులెటిన్లకెక్కేవి.

ఉక్రెయిన్ వార్త నా చేతికిస్తే వారానికి రెండు నిమిషాలు చాలు. ఖార్కివ్‌లో ఒకే వీధి, ప్రతి శనివారం. ఏ కొట్టు తెరిచారు, ఏ కిటికీకి చెక్క కొట్టారు, బడి ఎక్కడ నడుస్తోంది. ప్రైమ్ టైమ్ కూడా అడగను. రేటింగ్ రాదంటారు. నిజమే, రాదు. మార్చి దాటాక ఆ పేలుడు క్లిప్పులకి మాత్రం ఏం వచ్చింది గనక!