ఫంగో బ్యాటు పట్టిన చెయ్యి

అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తే కాస్త ముందుగా వెళ్లాలి. ఆట మొదలుకాక ముందే చూడదగ్గ ముచ్చట ఒకటుంటుంది. హోమ్ ప్లేట్ పక్కన ఒకాయన నిలబడి, సన్నటి పొడుగాటి బ్యాటుతో వరసపెట్టి బంతులు కొడుతుంటాడు. మూడో బేస్ కుర్రాడికొకటి, షార్ట్‌స్టాప్‌కొకటి, రెండో బేస్ వైపొకటి. ఆ బంతి మొదటి బేస్ మీదుగా తిరిగి క్యాచర్ చేతికి వచ్చేసరికి ఆయన ఇంకోటి ఎగరేస్తుంటాడు. చివరి బంతి మాత్రం ఎటూ పోదు, నిట్టనిలువునా ఆకాశంలోకి లేస్తుంది. క్యాచర్ మాస్కు విసిరేసి, మెడ వెనక్కి వాల్చి దాన్ని అందుకుంటాడు. అది సరిగ్గా లేవలేదో, సొంత కుర్రాళ్లే గొల్లున నవ్వుతారు.

చాలా జట్లలో ఈ పని అసిస్టెంట్ కోచ్‌ది. ఆ బ్యాటు పేరు ఫంగో. మ్యాచ్‌లో వాడే బ్యాటు కన్నా సన్నం, తేలిక, కానీ పొడుగు: 35 నుంచి 37 అంగుళాలు. రోజూ వందల బంతులు కొట్టే చేతికి ఆ తేలికదనం అవసరం. బంతిని ఒక చేత్తో ఎగరేసి, ఆ చెయ్యే మళ్లీ పిడి మీదికి తెచ్చి కొట్టాలి. బంతి పైభాగం తగిలితే నేలబారుగా దొర్లుతుంది, కిందిభాగం తగిలితే లేస్తుంది.

ఇంతవరకు ఎవరైనా నేర్చుకోవచ్చు. అసలు పనితనం ఆ తర్వాతది. షార్ట్‌స్టాప్ కుర్రాడు తన కుడివైపు బంతికి తడబడుతున్నాడనుకోండి. బంతి అటే రావాలి, అతని కాళ్ల ముందు ఒక్క గెంతు వేయాలి. మరీ దూరమైతే ఆశ వదులుకుంటాడు, మరీ దగ్గరైతే నేర్చుకునేదేమీ ఉండదు. అందీ అందని ఆ జానెడు దూరంలోనే పాఠమంతా ఉంది.

మన క్రికెట్‌లోనూ ఫీల్డింగ్ కోచ్ బ్యాటు పట్టుకుని స్లిప్ క్యాచ్‌లు కొట్టేది ఈ లెక్కతోనే. హైదరాబాద్ తరఫున స్పిన్నర్‌గా ఆడిన ఆర్. శ్రీధర్ 2014 నుంచి 2021 దాకా భారత జట్టుకు చేసిన కొలువు ఇలాంటిదే.

అసిస్టెంట్ కోచ్ పని అక్కడితో అయిపోదు. ఎల్ ఆకారపు వల చాటున నిలబడి బ్యాటర్లకు బంతులు విసరాలి. మైదానంలో సైగలు చేయాలి: టోపీ, ఛాతీ, బెల్టు, చెవి అలా తడుముతూ పోతాడు కానీ, ముందే అనుకున్న ఒక చోటు తాకాక వచ్చే సైగే నిజం, మిగతాదంతా ఎదుటి జట్టు కళ్లుగప్పడానికి. ఇక వేసవంతా జట్టు కోసం హైస్కూల్ కుర్రాళ్ల వేట. 2025 వరకు కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్ జట్టుకు ఉన్నవి 11.7 స్కాలర్‌షిప్పులే. వాటినే ముక్కలు చేసి, అంతకు రెట్టింపు మందికి పైగా సర్దాలి. ఇంత పనికీ జట్టులో ఒక కోచ్ జీతం లేకుండానే ఉండేవాడు. ఆ వాలంటీర్ పదవి 2023లోగానీ పోలేదు.

ఈ బడిలో తయారైనవాడే టోనీ వైటెల్లో. తండ్రి గ్రెగ్ సెయింట్ లూయిస్‌లో హైస్కూల్ కోచ్. టోనీ మిజోరీ యూనివర్సిటీ జట్టులో స్కాలర్‌షిప్ లేకుండా చేరి 2002 వరకు ఆడాడు. ప్రొఫెషనల్ ఆట ఒక్కటీ ఆడలేదు. మరుసటి ఏడాది నుంచే అదే జట్టుకు అసిస్టెంట్. తర్వాత టీసీయూ, ఆపైన ఆర్కాన్సా యూనివర్సిటీలు. మొత్తం పదిహేను సీజన్లు. మిజోరీలో అతని దగ్గర పిచింగ్ (క్రికెట్‌లో బౌలింగ్ లాంటిది) దిద్దుకున్న కుర్రాళ్లలో మాక్స్ షెర్జర్ ఒకడు. ఆ కుర్రాడు తర్వాత మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు మూడు గెలిచాడు. ఆర్కాన్సాలో వైటెల్లో బ్యాటింగ్ నేర్పాడు. 2018 సీజన్‌తో టెనెసీకి హెడ్ కోచ్ అయ్యాడు. 2025 అక్టోబరులో ప్రొఫెషనల్ జట్టు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అతన్ని మేనేజర్‌గా, అంటే హెడ్ కోచ్‌గా, తీసుకుంది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఆడిన, నేర్పిన అనుభవం ఏదీ లేకుండా కాలేజీ నుంచి నేరుగా ఆ కుర్చీలోకి వెళ్లినవాడు అంతకుముందు లేడు.

స్కోరుకార్డులో ఫీల్డర్ తప్పుకు గడి ఉంటుంది, అతనికి వేల బంతులు కొట్టినవాడికి ఉండదు. ఆ పదిహేనేళ్ల లెక్క చూడాలంటే 2024 జూన్‌లో ఒమాహా చూడాలి. కాలేజీ వరల్డ్ సిరీస్ 1950 నుంచీ ఆ ఊళ్లోనే. ఫైనల్లో టెనెసీకి ఎదురుగా టెక్సస్ ఏ అండ్ ఎం. దాని అప్పటి హెడ్ కోచ్ జిమ్ ష్లాస్‌నాగల్. టీసీయూలో వైటెల్లో పనిచేసింది ఆయన కిందే. చెరొక ఆట గెలిచి మూడో ఆటకొచ్చారు. 6-5తో టెనెసీ గెలిచింది. బేస్‌బాల్‌లో ఆ యూనివర్సిటీకి అదే తొలి టైటిల్.

ప్రాక్టీసులో ఫంగోతో కొట్టిన బంతి అన్ని చేతులూ తిరిగి చివరికి కొట్టినవాడి దగ్గరికే వస్తుంది. ఆ రాత్రి ష్లాస్‌నాగల్ దగ్గరికి కాస్త గట్టిగానే వచ్చింది.