తార్నాక డాబాకు ఏ టెలిస్కోపు?

టెలిస్కోపు కొనాలనుకునే హైదరాబాదీలు ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఖగోళ చరిత్ర తెలుసుకోవడం మంచిది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో మొదలుపెట్టిన నిజామియా వేధశాల ఆయన తర్వాత నిజాం ప్రభుత్వం చేతికొచ్చి, బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియాలో చేరింది. నవాబు తెప్పించిన గ్రబ్ కంపెనీ దుర్భిణి కటకం వెడల్పు 15 అంగుళాలు. కానీ ఆ వేధశాలకు ప్రపంచంలో పేరు తెచ్చింది 8 అంగుళాల కుక్ దుర్భిణి. ఎన్నో దేశాలు కలిసి ఆకాశమంతటినీ ఫొటో తీసి నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్న రోజులవి. ఆ పనికి ఒక్కో ప్లేటు మీద విశాలమైన ఆకాశం పడాలి. అందుకు తగినట్టు చేయించినది చిన్నదే.

మసక నక్షత్రాల వెలుగు హెచ్చుతగ్గులు కొలవాల్సి వచ్చినప్పుడు మాత్రం 48 అంగుళాల అద్దం కావలసి వచ్చింది. 1968లో దాన్ని నగరపు దీపాలకు దూరంగా జపాల్-రంగాపూర్‌లో నిలబెట్టారు. ఏం చూడాలి, ఎక్కడి నుంచి చూడాలి అన్నవి తేలాకే పరికరం. మన కొనుగోలుకూ నాకు తెలిసిన దారి ఇదే.

తార్నాకలో వీధి దీపాల మధ్య పాలపుంత కనబడదు. చంద్రుడి గోతులు, శని వలయాలు, గురుడి చుట్టూ తిరిగే నాలుగు పెద్ద చందమామలు మాత్రం నిక్షేపంగా కనిపిస్తాయి. ఇంతకూ అడ్డంకి దీపాలొక్కటే కాదు. డాబా స్లాబు పగలంతా పీల్చిన ఎండను రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలిలోంచి చూస్తే గ్రహం అంచు వణుకుతుంది. అర్ధరాత్రి దాటాక చూడండి, లేదా ఉస్మానియా క్యాంపస్‌లో అనుమతి ఉన్న చోట మట్టినేల వెతుక్కోండి. గొట్టాన్ని అరగంట ముందే ఆరుబయట పెడితే అద్దం చల్లబడి బొమ్మ నిలుస్తుంది.

డబ్బాల మీద అచ్చేసే 500 రెట్లు, 600 రెట్లు నమ్మకండి. కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపే అది బొమ్మను పెద్దది చేయగల హద్దు. 70 మి.మీ. గొట్టానికి 140 దాటితే మసకే. అసలు కొలవాల్సింది వెలుతురు: చీకట్లో 7 మి.మీ. వరకు విచ్చుకునే కంటిపాప కన్నా 70 మి.మీ. కటకం వంద రెట్లు పడుతుంది. 150 మి.మీ. అద్దం అంతకు నాలుగున్నర రెట్లు.

కొద్ది వేలే ఉంటే 10×50 బైనాక్యులర్ చాలు. వణికే సన్నకాళ్ల స్టాండుతో వచ్చే చవక టెలిస్కోపు కన్నా అదే మేలని నేను గట్టిగా చెబుతాను. పెట్టుబడి పెట్టగలిగితే 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు తీసుకోండి. దాని చెక్కపీఠం కదలదు, ఖర్చంతా అద్దానికే పోతుంది. అయితే లిఫ్టు లేని మూడో అంతస్తు వాళ్లు కొనేముందు ఓసారి ఎత్తి చూడాలి. సూర్యుణ్ణి చూడాలంటే సౌర ఫిల్టర్ గొట్టం ముందువైపే బిగించాలి. ఐపీస్‌కు, అంటే కంటి దగ్గరి కటకానికి, తగిలించే నల్లగాజు పగిలితే చూపు పోతుంది.

ఐపీస్‌లు రెండు చాలు. 1200 మి.మీ. నాభ్యంతరం ఉన్న గొట్టానికి 25 మి.మీ. ఐపీస్ 48 రెట్లిస్తుంది, చంద్రుడంతా ఒకేసారి కనిపిస్తాడు. 10 మి.మీ. ఐపీస్‌తో 120 రెట్లు. గురుడి మీది చారలు దానితోనే చూడాలి.