ఎడమ కాలికో టోర్నమెంట్

హైదరాబాద్ కుర్రాళ్లకు ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ పెట్టిన పోటీల్లో ఒకదానికి వింత నియమం ఉండేది. కుడికాలి వాటం ఉన్నవాడు కుడికాలితో బంతి తన్నకూడదు, మ్యాచ్ మొత్తం ఎడమ కాలితోనే ఆడాలి. ఎడమ వాటం వాడైతే కుడికాలితో ఆడాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. నలుగురిని తప్పించుకుంటూ పరుగెత్తి చప్పట్లు కొట్టించుకునే వీల్లేదు, బంతి అందగానే తోటివాడికి ఇచ్చేయాలి.

రహీమ్ సాబ్ పనితనమంతా నాకు ఈ రెండు నియమాల్లోనే కనబడుతుంది. రెండో కాలు కూడా వాడమని ఎన్నిసార్లు చెప్పినా ఆట వేడిలో ఎవరికి గుర్తుంటుంది? కాలు దాని అలవాటునే పోతుంది. ఆ దారి మూసేస్తే మాత్రం రెండో కాలికి పని నేర్పక తప్పదు. డ్రిబ్లింగ్ లేదంటే, బంతి రాకముందే తలెత్తి ఎవరు ఖాళీగా ఉన్నారో చూసుకోవాలి. బంతి లేనివాళ్లు కూడా ఊరికే నిలబడితే కుదరదు, ఖాళీ చోటు వెతుక్కుంటూ కదలాలి. లేదంటే బంతి ఉన్నవాడు ఇరుక్కుపోతాడు. ఉపన్యాసం అక్కర్లేకుండా ఆటే పాఠం చెప్పేస్తుంది. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు చదువు చెప్పిన మనిషికి తట్టాల్సిన ఉపాయమే ఇది.

1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతుల్లోనే ఉంది. కలకత్తా క్లబ్బుల పేరు మారుమోగుతున్న రోజుల్లో ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆట చూసి, ప్రాక్టీసుకు రమ్మని, సైకిల్ అద్దెకు డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. ఆ బలరాం తర్వాత దేశం గర్వించే ఫార్వర్డ్ అయ్యాడు.

జాతీయ జట్టు కోచ్‌గా ఆయనకు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం దక్కింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే కోచ్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది.

నేను మళ్లీ మళ్లీ తలచుకునేది మాత్రం 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది, ఆరు కుట్లు పడ్డాయి. గాయపడినవాణ్ని పక్కన పెట్టడం ఎవరైనా చేసే పని. రహీమ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ఆ స్థానంలో ఆడినవాడే. మనిషి దిట్టమైనవాడు, ప్రత్యర్థి డిఫెండర్లు ఒకరిద్దరు అతన్నే కాచుకోవాల్సి వస్తుంది, తోటి ఫార్వర్డ్‌లు చునీ గోస్వామికీ పీకే బెనర్జీకీ చోటు దొరుకుతుంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు ఒక గోల్ జర్నైల్‌దే.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ కొరియా. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి సోంధీ తప్పుబట్టినందుకు స్టేడియమంతా మనవాళ్ల మీద మండిపడుతోంది. అప్పటిదాకా గోల్‌లో నిలిచిన ప్రద్యుత్ బర్మన్‌ను తప్పించి, జ్వరం నుంచి తేరుకున్న పొడగరి పీటర్ తంగరాజ్‌ను రహీమ్ దింపారు. గాల్లో వచ్చే బంతులకు ఆ ఎత్తు కావాలి. పీకే మొదటి గోల్ కొట్టాడు, కాసేపటికే జర్నైల్ రెండోది కొట్టాడు. కొరియా చివర్లో ఒకటి కొట్టినా స్వర్ణం మనకే దక్కింది. ఆ రెండు మార్పుల్లో ఏది బెడిసికొట్టినా నింద పడేది ఆయన మీదే. అయినా తెగించారంటే అది మొండి ధైర్యం కాదు. ఎవరి శరీరం, ఎవరి అలవాటు, ఎవరి పాత చరిత్ర ఏమిటో ఏళ్ల తరబడి చూసి పెట్టుకున్న ఎరుక.

మరుసటి జూన్ 11న క్యాన్సర్‌తో రహీమ్ సాబ్ పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970 బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకు శిక్షణ ఇచ్చినవాళ్లలో పీకే బెనర్జీ ఒకడు.