తెల్లంగీ, తెల్లటోపీ

తెలుగు సినిమాలో సాయిబుకి రెండే వేషాలు. హీరో కోసం ప్రాణమిచ్చే రహీం చాచా, లేదంటే బాంబు పెట్టే తీవ్రవాది. ముస్లిం రచయితలు ఈ మాట ఎన్నో ఏళ్లుగా అంటూనే ఉన్నారు. అదే తెర మీద కతోలిక ఫాదర్‌కీ రెండే వేషాలు. సిలువ పట్టుకుని విరిగిన తెలుగులో దీవించే ముసలాయన ఒకరు. అంగీ చాటున పాడుపనులు చేసే దొంగ ఇంకొకరు. కృష్ణాజిల్లా పల్లెలో పుట్టి, ఆ యాసలోనే ప్రసంగం చెప్పి, మేత్రాణులు బదిలీ చేస్తే పెట్టె సర్దుకుని ఇంకో విచారణకు పోయే మామూలు ఫాదర్ మాత్రం కనబడడు.

ఇది సినిమాతో ఆగిపోతే బాధలేదు. 1992 మార్చి 27న కేరళలోని కొట్టాయంలో సిస్టర్ అభయ శవం కాన్వెంటు బావిలో దొరికింది. మొదట ఆత్మహత్య అన్నారు. 28 ఏళ్ల తర్వాత, 2020 డిసెంబరులో, సీబీఐ కోర్టు ఒక ఫాదర్‌నీ ఒక సిస్టర్‌నీ దోషులుగా తేల్చింది. 2022లో హైకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. ఇలాంటి కేసు ఒకటి పేపర్లో పడగానే "ఫాదర్లూ సిస్టర్లూ అంతా ఇంతే" అని వెకిలిగా నవ్వేవాళ్లలో మన సెక్యులర్ మిత్రులూ ఉన్నారు. చనిపోయిన అభయ కూడా సిస్టరే గదా! ఆ నవ్వు ఆమె మీద కూడా పడుతోంది. ఇంకో సంగతి. ఆ కేసులో ముఖ్య సాక్షి ఆ రాత్రి కాన్వెంటులో దొంగతనానికి వచ్చినవాడు. దొంగలంతా అబద్ధాలే చెబుతారని కోర్టు అనుకుని ఉంటే అతని మాటకు విలువే ఉండేది కాదు.

ఇక మన వైపు చూద్దాం. 2000 జూన్ 8న ఒంగోలులో బాప్టిస్టు చర్చిలో, తాడేపల్లిగూడెంలో కతోలిక చర్చిలో బాంబులు పేలాయి. అనుమానం మొదట హిందూ సంస్థల మీదికి పోయింది. జూలై 9న బెంగుళూరులో బాంబులున్న వ్యాను పేలాక దీన్‌దార్ అంజుమన్ పేరు బయటికొచ్చింది. 2001లో కేంద్రం దాన్ని నిషేధించింది. ఆ శాఖ చేసిన పనికి విజయవాడలో బట్టలు కుట్టుకునే సాయిబు జవాబు చెప్పాలా? అక్కర్లేదు అంటాం. గట్టిగా అంటాం. మరి కొట్టాయం నేరానికి గుణదల కొండ కింద పూజ చేసే ఫాదర్ ఎందుకు జవాబు చెప్పాలి?

పొగడ్తా ఇలాంటి మూసే. మేరీ గ్లోరీ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1920లో గుంటూరు వచ్చి, సిస్టరై, 1957లో చనిపోయేదాకా ఈ దేశంలోనే వైద్యం చేసింది. ఆమె గొప్పది. అంతమాత్రాన సిస్టర్లంతా దేవతలు కారు, కానక్కర్లేదు. "కలాంలాంటి ముస్లిం అయితే పర్లేదు" అనేవాళ్ల మాటలోని ముల్లు మనకు తెలుసు. మామూలు మనిషిగా బతకడానికి గొప్పతనం రుజువు చూపించాలా?

ఆ అంగీ కింద అందరూ ఒకటి కూడా కాదు. విచారణల్లో కులముంది. తెలుగు నేల మీద కతోలిక మతం ఎప్పట్నుంచో ఉంది. ఒక దళితుడు, పూల ఆంథోని, కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. అందర్నీ ఒకే బుట్టలో వేసి తిడితే ఈ లోపలి తగువు కూడా ఎవరికీ కనబడదు.

నేరాన్ని దాచమని ఎవరూ అనడంలేదు. చేసినవాడి మీద కేసు పెట్టాలి. తెలిసీ దాచిన పెద్దలు, బిషప్‌ అయినా ముతవల్లీ అయినా, బోనెక్కాలి. ఆ జాబితా ఎంత పొడుగైనా ఫర్వాలేదు. అందులో మనుషుల పేర్లుండాలి, మతాల పేర్లు కాదు. ఈ న్యాయం మన టోపీకి కావాలని అడుగుతున్నాం. పక్కవాడి అంగీకి ఇవ్వకపోతే మనం అడిగేది న్యాయం కాదు, మినహాయింపు.