కిటికీ పక్క సీటు

మా అన్నయ్య కొడుకు విశాఖ నుంచి భార్యాపిల్లలతో పోర్ట్ బ్లెయిర్ వచ్చాడు. 2024లో ఊరికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు గానీ మా నోట ఇంకా పాత పేరే. బారాటాంగ్ సున్నపురాతి గుహలు చూసి రాత్రికి తిరిగొచ్చాక, ఎలా ఉందిరా అని అడిగాను. "ఏమీ కనిపించలేదు బాబాయ్" అన్నాడు. చీకటితో లేచి వెళ్లాడు, మడ అడవుల మధ్య పడవెక్కాడు, గుహలు చూశాడు, బురద అగ్నిపర్వతం చూశాడు. ఏమీ కనిపించలేదట!

వినియోగదారుడు ఎందుకు కొంటాడు? అతనికి ఒక అవసరం ఉంటుంది, అది కనిపెట్టి తీర్చాలి అంటుంది మార్కెటింగ్ పాఠం. 1943లో మాస్లో రాసిన అవసరాల సిద్ధాంతాన్ని తర్వాతివాళ్లు మెట్లుగా గీశారు. అడుగున ఆకలి, పైన ఆత్మవికాసం. మావాడి "ఏమీ" ఆ మెట్లలో ఎక్కడుందో నాకు దొరకలేదు. సర్వే చేసి అడిగినా లాభం లేదు, ఎవరైనా నలుగురిలో చెప్పుకోదగ్గ కారణమే చెబుతారు. గుహల కోసం అంటారు.

బారాటాంగ్ వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటాక దాదాపు 50 కిలోమీటర్లు జారవాల రిజర్వు అడవిలోంచి పోతుంది. 2011 జనగణనలో వాళ్లు 380 మంది. బళ్లు కాన్వాయ్‌గా వెళ్లాలి, దారిలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు. 2002 మేలో సుప్రీంకోర్టు రిజర్వులో ఈ రోడ్డు మూసేయమంది. మూయలేదు. 2012లో జారవా స్త్రీల చేత నాట్యం చేయించి తీసిన వీడియోను లండన్ పత్రిక అబ్జర్వర్ బయటపెట్టింది. 2013 జనవరిలో పర్యాటకులను ఆపిన సుప్రీంకోర్టే మార్చిలో ఆ ఉత్తర్వు ఎత్తేసింది. మధ్య అండమాన్‌లో కాపురముండి ఆసుపత్రికీ సరుకులకూ ఈ దారిన వచ్చేవాళ్లను నేను తప్పుపట్టను.

లా చదివినవాణ్ణి కాబట్టి చట్టం కూడా చూశాను. ఆదిమ తెగల రక్షణకు 1956లో చేసిన రెగ్యులేషన్‌ను 2012లో సవరించి, తెగల పేరుతో పర్యాటకులను రప్పించే ప్రకటనలను నేరం చేశారు. మంచి పనే. నేను చూసిన బోర్డుల మీద ఇప్పుడు గుహల బొమ్మలే ఉన్నాయి. అమ్మేవాడు నోరు విప్పనక్కర్లేదు, కొనేవాడే అడుగుతాడు: "దారిలో వాళ్లు కనిపిస్తారా?" ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టానికి వస్తే, వ్యాపారం కోసం కొన్నావా అని తప్ప నీ మనసులో ఏముందని అది అడగదు. మావాడు గుహలకు డబ్బు కట్టాడు, గుహలు చూశాడు. సేవలో లోపం లేదు. మరి ఆ నిరాశ ఏ సరుకు అందనందుకు?

ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాలు అంగుత్తర నికాయంలో ఉన్నాయి: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ప్రాణుల వ్యాపారం అంటే మనుషులను అమ్మడం అని అట్ఠకథ వివరిస్తుంది. ఈ రోడ్డు మీద అమ్ముడయ్యేది మనిషి కనబడే అవకాశం. ఆ డబ్బులో పైసా ఆ మనిషికి చేరదు, చేరినా మేలు జరగదు. సుత్తం అమ్మేవాడి గురించే చెప్పింది. కొనేవాడి సంగతి తణ్హ దగ్గర వెతుక్కోవాలి. ఆకలి అన్నంతో తీరుతుంది. ఇది తీరేది కాదు, ఒకరు కనిపిస్తే ఇంకొకరు కనిపించాలి, వాళ్లు ఇటు తిరగాలి, నవ్వాలి, ఆడాలి. వీడియో దాకా వెళ్లింది అలాగే. ఒకప్పుడు మన పెద్దలు ఎదురైతే మైల అన్నారు. ఈ అడవిలో మనుషులు ఎదురైతే వినోదం అంటున్నాం. వాళ్ల ఇష్టం అడిగినవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

మావాణ్ణి అనే ముందు నా సంగతీ చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం పని మీద రంగత్ వెళ్తూ, కండక్టర్‌ను అడిగి మరీ కిటికీ పక్క సీటు తీసుకున్నాను. ఒళ్లో పుస్తకం ఉంది, ఒక్క పేజీ తిప్పలేదు. గాలి కోసమే అక్కడ కూర్చున్నానని అనుకున్నాను. తిరిగొచ్చే రోజు వాన పడుతోంది, అద్దాలన్నీ మూసేశారు. అప్పుడూ కిటికీ పక్కనే అడిగాను.