మూడో ఫర్నేసు పేరు

మత్తు డాక్టరు పని నిద్రపుచ్చడమని అందరూ అనుకుంటారు. నా సర్వీసులో సగం, మనుషులచేత మాట్లాడించడంతోనే గడిచింది.

ప్రోస్టేట్ ఆపరేషన్‌కి నడుముకే మత్తిస్తాం. తెరకి అవతల సర్జన్ మూత్రనాళంలోంచి గొట్టం పంపి, కరెంటు తీగతో గ్రంథిని ముక్కముక్కగా చెక్కుతుంటారు. ఇవతల నేనూ పేషెంటూ కబుర్లు. విశాఖ కేజీహెచ్‌లో పీజీ చేసేటప్పుడు అబ్బిన అలవాటిది. పోర్టు మనిషైతే ఓడలు, స్టీల్‌ప్లాంటు మనిషైతే ఫర్నేసులు.

కాలక్షేపానికి కాదు. చెక్కేచోట నెత్తురు కళ్లకి అడ్డురాకుండా లోపల నీళ్లు పారుతూనే ఉండాలి. పాత పద్ధతిలో సెలైన్ పనికిరాదు, కరెంటు చెదిరిపోతుంది. ఉత్త నీళ్లయితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకని గ్లైసిన్ నీళ్లు. తెగిన సిరల్లోంచి అవి రక్తంలోకి దిగి, సోడియం 135కి దిగువకి జారేకొద్దీ మనిషి తికమకపడతాడు. అది మానిటర్ కంటే ముందు మాటలో తెలుస్తుంది. గంటలో ముగించమని సర్జన్ వెంటపడేదాన్ని. పెద్ద గ్రంథికి గంట ఏ మూలకి!

ఉక్కునగరంలో ఉండే ఒక రిటైర్డ్ పెద్దాయన. "బాబాయ్, మీ ఫర్నేసుల పేర్లేంటి?" అన్నాను. "గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. గోదావరిని 1990లో మేమే ఎలిగించాం డాక్టరమ్మా." నలభై నిమిషాలకి మళ్లీ అడిగాను. "గోదావరి... కృష్ణ..." ఆగిపోయారు. ఆవులించారు. "ఏటమ్మా, బల్ల ఊగతందేటి?"

ఆపమన్నాను. సర్జన్ నెత్తురు కారే చోట్లు మాడ్చి బయటికొచ్చేశారు. సోడియం 119. ఒంట్లో నీరు తీసే ఇంజెక్షన్, గాఢమైన సెలైన్ చుక్కచుక్కగా. తొందరపడి పెంచినా మెదడుకే ముప్పు.

ఇప్పుడు బైపోలార్, లేజర్ పద్ధతుల్లో సెలైనే వాడతారు, ఆ గండం దాదాపు తప్పింది. రక్తం పల్చబడే మాత్రల సంగతి దాచే పేషెంట్లు మాత్రం అలాగే ఉన్నారు. డాక్టర్లూ ఒకటి దాస్తారు. ఆపరేషన్ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. హాని లేదు గానీ ముందే చెప్పాలి. అరవై దాటినాయనకి ఎందుకులే అని ఊరుకుంటారు. అక్కర్లేదని ఆయన చెప్పాడా?

మర్నాడు బాబాయ్‌ని చూడ్డానికి వార్డుకి వెళ్లాను. ట్యూబులో మూత్రం లేత గులాబీ రంగుకి వచ్చింది. నన్ను చూడగానే, "అన్నపూర్ణ" అన్నారు. "అది నేను రిటైరయ్యాక ఎలిగించినారమ్మా. అందుకే మర్చిపోనాను."